14416: బిడ్డ పరాయి దేశంలో, రంది ఇంట్లో. టెలిమానస్ మనకు ఎంతవరకు పనికొస్తుంది?

మెట్‌పల్లిలో రాత్రి పదిన్నరైతే దుబాయ్‌లో తొమ్మిది. డ్యూటీ దిగి, బస్సులో క్యాంపుకు చేరి, స్నానానికి వరుసలో నిలబడి, వండుకుని తిని, పడుకునే ముందు ఇంటికి చేసే ఫోన్ ఇలా ఉంటుంది.

“తిన్నవా బిడ్డా?”
“తిన్ననే.”
“పాణం మంచిగున్నదా?”
“మంచిగనే ఉన్నది.”
“పైసలు?”
“జీతం వడ్డంక పంపుత.”
“ఏం రంది వెట్టుకోకు.”
“లేదే. ఉంట మరి.”

హన్మకొండ అపార్ట్‌మెంట్‌లో పొద్దున ఎనిమిదింటికి డల్లాస్‌కు వెళ్లే వీడియో కాల్‌లో యాస మారుతుందేమో గానీ మాటల వరుస ఇదే. రెండు నిమిషాల్లో అయిపోతుంది. ఆ మనిషి మూడు వారాలుగా నిద్రపోవడం లేదన్న సంగతి ఈ ఎనిమిది మాటల్లో ఎక్కడా పట్టదు. బొంబాయి, బొగ్గుబాయి, దుబాయి అని మూడు తరాలుగా మనుషుల్ని దూరం పంపుతున్న ప్రాంతం మనది. పంపడం నేర్చుకున్నాం, అడగడం ఇంకా నేర్చుకోలేదు. ఆ అడగడం నేర్పే సేవ ఒకటి చేతికందే దూరంలో, ఉచితంగా ఉంది. మనసు బాధలకు ఫోన్‌లో సాయం చేసే ఆ సేవ పేరు టెలిమానస్, నంబరు 14416. గల్ఫ్‌కు, అమెరికాకు పిల్లల్ని పంపిన ఇళ్లకు అది ఎక్కడ అక్కరకొస్తుందో, ఎక్కడ చేతులెత్తేస్తుందో ఇక్కడ రాస్తున్నాం.

మా మాట ముందే చెప్తాం. పరాయి దేశంలో ఉన్న మనిషి దీన్ని నమ్ముకోకూడదు. అక్కడి సిమ్ నుంచి 14416 కలవదు, 1800 నంబర్లు కూడా మామూలుగా కలవవు. ఇంటి దగ్గర ఉన్న మనిషికి మాత్రం పైసా ఖర్చు లేకుండా, తెలుగులో, అర్ధరాత్రి కూడా దొరికే ఇంత మంచి తోడు ఇంకోటి లేదు. చాలామంది దీన్ని తిరగేసి వాడుతున్నారు. నంబరును వాట్సాప్‌లో కొడుక్కి పంపి ఊరుకుంటున్నారు. ఫోన్ చేయాల్సింది ఇక్కడున్న అమ్మ, నాయన, భార్య, అన్న.

ఇది కేంద్ర ప్రభుత్వ సేవ. 2022 అక్టోబర్ 10న, ప్రపంచ మానసిక ఆరోగ్య దినం నాడు మొదలైంది. బెంగళూరు నిమ్హాన్స్ (జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ) దీనికి పెద్దదిక్కు. 14416 కలవకపోతే 1800 891 4416 ఉంది. తెలుగుతో కలిపి 20 భాషల్లో మాట్లాడతారు. 2024లో యాప్ కూడా వచ్చింది. ఫోన్ కలవగానే ముందు భాష ఎంచుకోవాలి, ఆ తర్వాత శిక్షణ పొందిన కౌన్సెలర్ లైన్‌లోకి వస్తారు. అది మొదటి మెట్టు. మందులు అవసరం అనిపిస్తేనో, ప్రాణానికి ముప్పు ఉందనిపిస్తేనో రెండో మెట్టుకు పంపుతారు, అంటే మానసిక వైద్యుల దగ్గరికి. నేరుగా డాక్టర్‌ను చూడాల్సి వస్తే వరంగల్ వాళ్లకు ఎంజీఎం ఉంది. కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ వాళ్లకు అక్కడి ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రులున్నాయి. హైదరాబాద్ ఎర్రగడ్డ దాకా పోవాల్సిన అవసరం అందరికీ రాదు.

ఊరికి తెలుస్తుందన్న బుగులుతో చాలామంది ఫోన్ ఎత్తరు. మానసిక చికిత్స వివరాలు బయటపెట్టకూడదని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టమే చెబుతోంది. అసలు పేరు చెప్పడం ఇష్టం లేకపోతే ఆ సంగతే మొదట చెప్పి మాట్లాడండి.

ఫోన్ చేసే ముందు కాగితం మీద

“మావోడు అక్కడ మంచిగ లేడు సారూ” అని మొదలుపెడితే కౌన్సెలర్‌కు పట్టుకోవడానికి ఏమీ ఉండదు. అయిదు నిమిషాలు కూర్చుని ఒక కాగితం రాసుకుంటే ఆ ఫోన్ విలువే మారిపోతుంది. అతను వెళ్లి ఎన్నాళ్లయింది, ఏం పని, ఎన్ని గంటలు, పగలా రాత్రా. గదిలో ఎంతమంది. చివరిసారి ఇంటికి ఎప్పుడొచ్చాడు. మార్పు ఏ నెల నుంచి కనపడుతోంది, ఆ నెలలో ఏం జరిగింది. నిద్ర, తిండి, తాగుడు. ఇంతకుముందు ఎప్పుడైనా ఇలా అయిందా, ఇంట్లో ఇంకెవరికైనా అయిందా. అన్నింటికంటే ముఖ్యం, చావు మాట ఎత్తాడా, నవ్వుతూ అన్నా సరే. “నేను లేకున్నా మీరు బతుకుతరు”, “ఇన్సూరెన్స్ పైసలొస్తయ్ తియ్యి” లాంటివి కూడా చావు మాటలే.

అప్పు లెక్క కూడా అదే కాగితం మీద ఉండాలి. రెండు లక్షలకు నూటికి మూడు రూపాయల మిత్తి అంటే నెలకు ఆరు వేలు, అసలు అలాగే ఉంటుంది. చదువు కోసం తెచ్చిన 40 లక్షల బ్యాంకు లోన్‌కు 11 శాతం వడ్డీ అంటే నెలకు దగ్గర దగ్గర 36,700. కౌన్సెలర్ అప్పు తీర్చలేరు. కానీ మనిషిని పిండుతున్నది ఏదో తెలిస్తే అడగాల్సిన ప్రశ్నలు మారతాయి. అప్పు సంగతి దాచి “ఊరికే దిగులుగా ఉంటాడు” అని చెప్పే ఇళ్లు చాలా ఉంటాయి. అలా చెబితే ఫోన్ అక్కడే దారి తప్పుతుంది.

మాటల గురించి కూడా ఒకటి చెప్పాలి. డిప్రెషన్, యాంగ్జైటీ అనే మాటలు అమ్మకు రాకపోతే రాకపోనీ. మన దగ్గర అంతకంటే తేటైన మాటలున్నాయి. రంది ఏదో ఒక సంగతి మీద ఉంటుంది: మిత్తి రంది, పిల్ల పెళ్లి రంది. బుగులు భయం. మనాది వేరు. మనిషి లోపల్లోపల చిక్కిపోతాడు, తిండి సహించదు, దేని మీదా మనసు నిలవదు, సంతోషం కలగాల్సిన చోట కూడా కలగదు. డాక్టర్ డిప్రెషన్ అనేదానికి అన్నింటికన్నా దగ్గరి మాట ఇదే. అయితే లైన్‌లో ఉన్నవాళ్లది ఏ జిల్లానో తెలియదు కాబట్టి, మనాది అని చెప్పి దాని వెనకే గుర్తులు కూడా చెప్పండి. ఎన్ని గంటల నిద్ర, బెల్టు ఎన్ని బొందలు వెనక్కి పోయింది.

గల్ఫ్‌లో ఉన్నవాళ్లు మొదట చెప్పేది మనసు గురించి కాదు, ఒళ్లు గురించి. గ్యాస్, గుండె దడ, తల బరువు, కాళ్లు గుంజుడు. క్యాంపు క్లినిక్‌లో గ్యాస్ గోలీ, నొప్పి గోలీ ఇచ్చి పంపుతారు. నిజంగానే గుండె జబ్బు కావచ్చు, ఆ పరీక్ష మానకూడదు. పరీక్షల్లో ఏమీ తేలక, అదే బాధ వారాల తరబడి ఉండి, దానితో నిద్ర కూడా పోయిందంటే మనసు వైపు చూడాలి.

దీనికి పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల కొలత ఉంది. గడిచిన రెండు వారాల్లో ఒక్కో ఇబ్బంది ఎన్ని రోజులు ఉందో దాన్నిబట్టి ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు, మొత్తం 27. పది, ఆపైన వస్తే డాక్టర్‌ను కలవడం మంచిది, ఇరవై, ఆపైన అయితే తీవ్రం. తొమ్మిదో ప్రశ్న చావు ఆలోచన గురించి. దానికి ఒక్క మార్కు పడ్డా, మొత్తం ఎంత వచ్చిందన్నది పక్కనపెట్టి అదే రోజు మాట్లాడాలి. ఇది జబ్బు పేరు తేల్చే పరీక్ష కాదు, డాక్టర్ దగ్గరికి పోవాలా వద్దా అని చెప్పే గీత మాత్రమే. తెలుగులో చదివి వినిపించి, ఫోన్‌లోనే మార్కులు వేసుకోవచ్చు.

ఇక్కడ ఈ సేవకు పూర్తి మార్కులు

కౌన్సెలర్‌ను అడగాల్సిన మొదటి ప్రశ్న “మావోడికి ఏమైంది?” అయితే జవాబు రాదు. మనిషిని వినకుండా ఎవరూ చెప్పలేరు. “వాడితో నేనెట్ల మాట్లాడాలె?” అని అడగండి. సరిగ్గా ఇందులోనే వాళ్లకు శిక్షణ. జవాబు దాదాపుగా ఈ దారిలో ఉంటుంది. “మంచిగున్నవా” అనే ప్రశ్నకు మంచిగున్న అనే జవాబు తప్ప ఇంకోటి రాదు. దాని బదులు “నిన్న రాత్రి ఎన్ని గంటలకు పండుకున్నవ్? మధ్యల ఎన్నిసార్లు మెలకువైంది?” అంటే మనిషి ఆగి ఆలోచించాల్సి వస్తుంది. “రంది వెట్టుకోకు” అన్న మాటతో అతని నోరు మూసుకుపోతుంది. అది మనం ప్రేమతోనే అంటాం, కానీ అతనికి వినపడేది “నాకు చెప్పకు” అని. “రందిగున్నదా? దేని గురించి ఎక్కువ?” అని అడిగి, ఫోన్‌లో మౌనం వస్తే రానివ్వాలి. పది సెకన్ల మౌనం చాలా పొడుగ్గా అనిపిస్తుంది. ఆ మౌనాన్ని మనం పైసల సంగతితో నింపేస్తాం. నింపకూడదు.

చావు గురించి నేరుగా అడగాలి. “చచ్చిపోవాలని అనిపిస్తుందా బిడ్డా?” అడిగితే లేని ఆలోచన పుడుతుందన్న భయం అందరికీ ఉంటుంది. అలా పుట్టదు, అడగడం వల్ల బరువు దిగుతుందని ఈ రంగంలో పనిచేసేవాళ్లంతా చెబుతారు. అవును అంటే తిట్టొద్దు, దేవుడి మీద ఒట్టు వేయించుకోవద్దు. ఎలా అనుకున్నాడో, ఎప్పుడో, దానికి కావలసిన వస్తువు దగ్గరుందో అడగాలి. ఫోన్ పెట్టేయకుండానే ఇంకో ఫోన్ నుంచి అక్కడి గదిలో మనిషికి చేయాలి.

ఆ గదిలో మనిషి నంబరు ఇంట్లో ఉందా? కొడుకు వాట్సాప్ నంబరు తప్ప ఇంకేమీ లేని ఇళ్లే ఎక్కువ. కంపెనీ పేరు, క్యాంపు పేరు, బ్లాకు, గది నంబరు, అకామా (అక్కడి నివాస గుర్తింపు కార్డు) ఫొటో, పాస్‌పోర్ట్ ఫొటో, ఇద్దరు గదివాళ్ల నంబర్లు. అమెరికా పిల్లలకైతే అపార్ట్‌మెంట్ చిరునామా, రూమ్మేట్ నంబరు, యూనివర్సిటీ పోలీస్ నంబరు. ఇవి లేకుండా ఇక్కడి నుంచి ఏ కౌన్సెలర్ అయినా చేయగలిగింది ఏమీ లేదు.

రెండు ఫోన్లు స్పీకర్‌లో పెట్టి 14416నూ, దుబాయ్‌లో ఉన్న కొడుకునూ కలిపి మాట్లాడిద్దామనే ఆలోచన రావడం సహజం. యూఏఈలో వాట్సాప్ కాల్స్ పనిచేయవు, బాటిమ్ లాంటి అనుమతి ఉన్న యాప్‌లతోనే కుదురుతుంది. ఆపదలో ఒకసారి పనికొస్తుంది, అంతే. అమ్మ వింటుండగా ఏ కొడుకూ అసలు సంగతి చెప్పడు.

చేతులెత్తేసే చోటు

కాబట్టి అక్కడున్న మనిషికి అక్కడి నంబర్లే కావాలి. అమెరికాలో, కెనడాలో 988. అమెరికా 988కు ఫోన్ చేసి “తెలుగు ఇంటర్‌ప్రెటర్” అంటే మధ్యవర్తిని లైన్‌లోకి తెస్తారు, 240కి పైగా భాషలకు ఆ ఏర్పాటుంది. అదే నంబరుకు మెసేజ్ పంపితే మాత్రం ఇంగ్లిష్, స్పానిష్ మాత్రమే. బ్రిటన్‌లో 116 123, ఆస్ట్రేలియాలో 13 11 14. యూఏఈలో మన ఎంబసీ నడిపే ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం టోల్‌ఫ్రీ నంబరు 800 46342. ప్రాణాపాయం అయితే ఆ దేశపు అంబులెన్స్: యూఏఈలో 998, సౌదీలో 997. జీతం రాకపోవడం, పాస్‌పోర్ట్ లాక్కోవడం లాంటివి మనాదికి మూలమైతే విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టాలి. హైదరాబాద్ ప్రజా భవన్‌లో ప్రవాసీ ప్రజావాణి కౌంటర్ కూడా ఉంది. కల్లివెల్లి అయిన (యజమానిని వదిలి, కాగితాల్లేకుండా ఉంటున్న) మనిషి ఆసుపత్రికి పోతే పట్టుకుంటారని భయపడి ఒళ్లు చెడిపోయేదాకా ఆగుతాడు. అతని తరఫున ఇంటివాళ్లు ఎంబసీకి రాయొచ్చని అతనికే తెలియదు.

“ఇక్కడి డాక్టర్‌తోనే వీడియోలో చూపించి మందు రాయిద్దాం” అంటారు. 2020 నాటి మన టెలిమెడిసిన్ మార్గదర్శకాలు దేశం బయట ఉన్న రోగులకు వర్తించవు. హన్మకొండ డాక్టర్ రాసిన చీటీకి డల్లాస్ ఫార్మసీలో మందు ఇవ్వరు. కౌన్సెలింగ్‌కూ అడ్డంకి ఉంది, అమెరికాలో ఏ రాష్ట్రంలో ఉంటే ఆ రాష్ట్రంలో చికిత్సకు అనుమతి ఉన్నవాళ్లే చేయాలి.

మందులు పంపే అలవాటు గురించి గట్టిగా చెప్పాలి. ఊరి నుంచి పోయే మనిషి అట్టపెట్టెలో మామిడికాయ తొక్కు, సకినాలు, కారప్పొడి మధ్యలో ఒక నిద్ర గోలీల షీటు. డబ్బా లేదు, చీటీ లేదు, ఎవరి కోసమో రాసి లేదు. అల్ప్రజోలామ్, క్లోనాజెపామ్, డయజెపామ్ యూఏఈలో నియంత్రణలో ఉన్న మందులు. ముందుగా అక్కడి ఆరోగ్య శాఖ నుంచి ఆన్‌లైన్‌లో అనుమతి తీసుకోకుండా తేకూడదు. పట్టుబడేది గోలీలు వాడే మనిషి కాదు, పెట్టె మోసిన పక్కింటి పిల్లాడు. తన మందులు తాను తీసుకెళ్లేటప్పుడు కూడా అసలు ప్యాకింగ్‌లో, ఇంగ్లిష్ చీటీతో, మందు అసలు పేరు రాయించుకుని పోవాలి.

మనాదికి ఇచ్చే మందులు పనిచేయడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. మొదటి వారంలో వికారం, ఇంకాస్త గాబరా ఉండొచ్చు. ఆ వారంలోనే చాలామంది మానేస్తారు. బాగైందని మానేసేవాళ్లు ఇంకొందరు. తగ్గిన తర్వాత కూడా కనీసం ఆరు నెలలు వాడమంటారు, ఆపేటప్పుడు మెల్లగా తగ్గించాలి. స్టాక్ అయిపోయి ఒక్కసారి ఆగితే కళ్లు తిరగడం, తలలో జివ్వుమన్నట్టు ఉండటం, చిరాకు వస్తాయి. అది జబ్బు తిరగబెట్టిందని అనుకుంటారు. సెలవు నుంచి తిరిగి వెళ్లేటప్పుడు మందులు ఏ తేదీకి అయిపోతాయో లెక్కగట్టి, ఆ లోపు అక్కడి డాక్టర్ అపాయింట్‌మెంట్ పెట్టుకోవాలి.

కల్లు సంగతి

మన ప్రాంతానికే చెందిన ఒక ప్రమాదం ఉంది, దాన్ని ఏజెంట్లెవరూ చెప్పరు. నిజామాబాద్ వైపూ, ఇంకా చాలాచోట్లా కల్తీ కల్లులో అల్ప్రజోలామ్, డయజెపామ్, క్లోరల్ హైడ్రేట్ కలుపుతారు. రోజూ నాలుగు సీసాలు తాగే మనిషికి తాను మత్తు మందుకు అలవాటుపడ్డానని తెలియదు, కల్లే కదా అనుకుంటాడు. విమానం ఎక్కడంతో అది ఒక్కసారిగా ఆగిపోతుంది. ఒకటి రెండు రోజుల్లో చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, నిద్ర రాదు. ఆ పైన ఫిట్స్ రావచ్చు, లేనివి కనపడొచ్చు, వినపడొచ్చు. కొత్త దేశం, కొత్త గది, చుట్టూ తెలియని మనుషులు. ‘పిచ్చి లేచింది’ అని తీర్మానించేస్తారు. అతనూ ఇంటి మీద బెంగతో ఇలా అయ్యానని అనుకుంటాడు. అది బెంగ కాదు, మందు ఆగినందుకు ఒళ్లు పడే యాతన. ప్రాణం తీయగలదు.

వీసా వచ్చిందని తెలియగానే, కనీసం నెలా రెండు నెలల ముందు, కల్లు అలవాటున్న మనిషి డాక్టర్‌ను కలవాలి. సొంతంగా ఒక్కరోజులో మానేయడం కూడా అంతే ప్రమాదం. డాక్టర్ దాని బదులు మందు ఇచ్చి వారం వారం తగ్గిస్తారు. ఆ మందు కూడా గల్ఫ్‌లో నియంత్రణలో ఉండేదే కాబట్టి తగ్గించడం మొత్తం విమానం ఎక్కకముందే అయిపోవాలి. ఎక్కడికి పోవాలో తెలియకపోతే 14416కు చేసి రోజుకు ఎన్ని సీసాలు, ఎన్నేళ్లుగా, మానేసిన రోజు ఏమవుతుందో చెప్పండి. అక్కడికి పోయాక మొదలైతే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లి, బెంజోడయజెపైన్ (అల్ప్రజోలామ్, డయజెపామ్ లాంటి మత్తు మందు) కలిసిన కల్లు ఆగిపోయిందని డాక్టర్‌కు చెప్పమని గదివాళ్లకు చెప్పాలి. ఆ ఒక్క మాటతో చికిత్స దారి మారిపోతుంది.

నేనెవరు అన్న ప్రశ్నకు

గుర్తింపు గురించి ఈ సేవ నుంచి పెద్దగా ఆశించలేం. మన దగ్గర ఇంటిపేరు ముందు, మనిషి పేరు తర్వాత. అమెరికా విమానం దిగాక అది తలకిందులవుతుంది. ఆఫీసులో, క్లాసులో ఎవరైనా ఇంటిపేరుతో పిలిస్తే, ఆ పిలుపుకు తలెత్తడానికి ఒక క్షణం పడుతుంది. పాస్‌పోర్ట్‌లో పేరంతా ఒకే గడిలో పడితే వీసా మీద ‘ఎఫ్ఎన్‌యూ’ అని వస్తుంది, మొదటి పేరు తెలియదు అని దానర్థం. బ్యాంకులో, లైసెన్స్ మీద అదే అతని పేరైపోతుంది. గల్ఫ్‌లో అకామా నంబరు, కంపెనీ నంబరు. ఊళ్లోనేమో అతను ‘దుబాయోడు’, ‘అమెరికా అల్లుడు’. సొంత పేరుతో పిలిచేవాళ్లు రెండు చోట్లా తగ్గిపోతారు. బతుకమ్మ తొమ్మిది రోజులు ఊళ్లో ఏ రోజుకారోజు ఆడితే, అక్కడ వీకెండ్ చూసి, హాలు దొరికిన రోజు ఆడాలి. తంగేడు ఉండదు, దొరికిన పూలతో పేర్చుకుంటారు. పండుగ తగ్గినట్టు కొందరికి, పండుగ తమ వెంట వచ్చినట్టు ఇంకొందరికి అనిపిస్తుంది. ఆ తేడా మనసు మీద చాలా పని చేస్తుంది.

జాన్ బెర్రీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త వలసపోయినవాళ్ల దారులు నాలుగని చెప్పాడు: రెండు సంస్కృతులనూ పట్టుకోవడం, పాతది వదిలి కొత్తదాంట్లో కలిసిపోవడం, కొత్తదానికి తలుపు మూసి పాతదాంట్లోనే ఉండటం, రెండింటికీ కాకుండా పోవడం. మొత్తమ్మీద మొదటి దారివాళ్లు మెరుగ్గా, చివరి దారివాళ్లు అందరికంటే ఎక్కువ ఇబ్బందిగా ఉంటారు. అయితే క్యాంపు గోడల మధ్య ఉండే మనిషికి ఎంచుకునే వీలెక్కడిది? అతన్ని నలుగురిలో కలవలేదని తప్పుపట్టకండి.

ఈ ముడి విప్పడానికి అదే మనిషితో వారాల తరబడి మాట్లాడాలి. హెల్ప్‌లైన్‌లో మళ్లీ అదే గొంతు దొరుకుతుందన్న భరోసా ఉండదు, కథ మొదటి నుంచి చెప్పుకోవాల్సి రావచ్చు. ఈ లోటు పెద్దదే. సెలవు మీద ఇంటికొచ్చినప్పుడు డబ్బు పెట్టగలిగితే తెలుగు మాట్లాడే క్లినికల్ సైకాలజిస్ట్ దగ్గర మొదలుపెట్టొచ్చు. రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ నంబరు అడగండి, ఇవ్వడానికి నసిగితే లేచి రండి. సీబీటీ (ఆలోచనల తీరు, అలవాట్లు మార్చే మాటల చికిత్స) పద్ధతిలో మామూలుగా వారానికొకటి చొప్పున 6 నుంచి 20 సార్లు కూర్చోవాలి. రెండుసార్లలో బాగుచేస్తామనేవాళ్లను నమ్మొద్దు.

అమెరికాలో చదివే పిల్లలు ముందు తలుపు తట్టాల్సింది యూనివర్సిటీ కౌన్సెలింగ్ సెంటర్‌ది. చాలాచోట్ల కట్టిన ఫీజులోనే అది ఉంటుంది, సెషన్ల సంఖ్యకు పరిమితి ఉండొచ్చు. చదవలేని స్థితి వస్తే సబ్జెక్టులు తగ్గించుకునే దారి ఎఫ్-1 (విద్యార్థి) వీసాలోనే ఉంది. డాక్టర్ లేదా లైసెన్స్ ఉన్న క్లినికల్ సైకాలజిస్ట్ ఉత్తరంతో, ఒక డిగ్రీ స్థాయికి మొత్తం 12 నెలల దాకా. పిల్లలు పొరపాటు చేసేది వరుసలో. ముందు సబ్జెక్టు వదిలేసి తర్వాత అడుగుతారు. డీఎస్‌వో (విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే యూనివర్సిటీ అధికారి) ఒప్పుకున్నాకే వదలాలి, లేకపోతే వీసా స్టేటస్ పోతుంది. చదువయ్యాక ఓపీటీలో (చదువుకు తగ్గ ఉద్యోగం చేసుకోవడానికిచ్చే గడువులో) ఉద్యోగం లేకుండా 90 రోజులే ఉండొచ్చు. ఆ 90 రోజుల్లో హన్మకొండ నుంచి రోజూ “ఏమైంది, వచ్చిందా?” అని అడిగే ఫోన్ ఇంకో గడియారంలా మోగుతుంది. ఉద్యోగం సంగతి ఆదివారం ఒక్కరోజే మాట్లాడుకుందామని ఒప్పందం చేసుకుని, మిగతా ఆరు రోజులు కూర ఏం వండావో చెప్పు అనండి.

తిరిగొచ్చినవాళ్లకూ, ఉండిపోయినవాళ్లకూ

అన్నింటికంటే ఈ సేవ బాగా కుదిరేది వీళ్లకే, ఎందుకంటే ఇద్దరూ ఇక్కడే ఉన్నారు. పిల్లలు డల్లాస్‌లో, తాము నాలుగు గదుల ఇంట్లో ఇద్దరే ఉన్న హన్మకొండ తల్లిదండ్రుల్లో చాలామందికి తమకోసం ఫోన్ చేయొచ్చని తోచదు. పొద్దున నాలుగింటికి మెలకువొచ్చి మళ్లీ నిద్రపట్టకపోవడం, మోకాళ్ల నొప్పి సాకుతో గుడికి కూడా పోకపోవడం, టీవీ ఆన్‌లో ఉన్నా చూడకపోవడం. వీటిని ముసలితనం అని కొట్టేయకండి.

పన్నెండేళ్ల తర్వాత గల్ఫ్ నుంచి వచ్చేసిన మనిషికి మొదటి నెల పండుగే. చుట్టాలు, దావతులు. మూడో నెలకు ఇంట్లో తన చోటు ఏదో తెలియదు. పొలం తమ్ముడు చూస్తున్నాడు, లెక్కలు భార్య చూస్తోంది, పిల్లలు ఏదడగాలన్నా అమ్మ దగ్గరికే పోతారు. చిరాకు పెరుగుతుంది. పొద్దున్నే సీసా. సౌదీలో, కువైట్‌లో మందు లేకుండా ఏళ్లు గడిపిన మనిషి ఇక్కడికొచ్చి తాగుడు మొదలుపెడితే ఇంట్లోవాళ్లు బుద్ధి తప్పిందంటారు. రోజూ తాగేదాకా వచ్చాక కోపంతో గదిలో పెట్టి తాళం వేసి మాన్పించాలని చూడొద్దు. మానిన 6 నుంచి 24 గంటల్లో వణుకు, రెండు రోజుల్లోపే ఫిట్స్, రెండు మూడు రోజులకు మతి తప్పడం రావచ్చు. అది ఆసుపత్రిలో మాన్పించాల్సిన స్థితి.

అతను ఫోన్ చేయనంటాడు, “నాకేం పిచ్చా?” అంటాడు. చేయనవసరం లేదు. అతను బయటికి పోయినప్పుడు భార్య 14416కు చేసి, వచ్చి ఎన్ని నెలలైంది, రోజుకు ఎంత తాగుతున్నాడు, చెయ్యి ఎత్తాడా, పిల్లల ముందు ఏమన్నాడు అన్నవి చెప్పొచ్చు. చెయ్యి ఎత్తితే 181 మహిళా హెల్ప్‌లైన్ వేరే ఉంది. మొదటి ఫోన్‌లో అతన్ని మార్చే మాట దొరక్కపోవచ్చు, ఆ రాత్రి ఆమె, పిల్లలు ఎక్కడ పడుకోవాలన్నది మాత్రం తేలాలి. అది తేలాకే ఫోన్ పెట్టాలి.